జర్మనీ నర్సు వీసా: ముందు మీ పేరు, తర్వాత మీ గంటలు

మా నర్సింగ్ కాలేజీ జూనియర్లలో వారానికి ఒకరైనా ఫోను చేస్తారు. "అక్కా, వీసాకు ఎంతవుతుంది? ఎన్నాళ్లకు వస్తుంది?" అన్నదే మొదటి ప్రశ్న. జగిత్యాల నుంచి వచ్చి స్టుట్‌గార్ట్ దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. అందరికీ ఒకటే చెబుతాను. వీసా చివరి మెట్టు, దాని ఫీజు 75 యూరోలు. నెలలకు నెలలు పట్టేది అంతకు ముందు జరిగే పని, అంటే మన నర్సింగ్ చదువును వాళ్లు గుర్తించడం. ఆ పనికి జర్మనీలో ప్రతి రాష్ట్రంలో వేర్వేరు కార్యాలయాలున్నాయి. ఉద్యోగం ఏ రాష్ట్రంలో వస్తే అక్కడి నియమాలే మీకు వర్తిస్తాయి.

ముందుగా ఇంట్లో చాప పరిచి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ సర్టిఫికెట్లు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు వరుసగా పెట్టండి. పేరు ఒక్కటే చూడండి, అక్షరం అక్షరం. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, పేరుకు ముందు ఉంది. కౌన్సిల్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే. పేరు చివరి 'లక్ష్మి'ని ఇంగ్లిషులో ఒకచోట ఎక్స్‌తో, మరోచోట కె, ఎస్, హెచ్‌లతో రాశారు. మనకు ఇది పట్టించుకునే విషయమే కాదు. ఫైలు చూసే జర్మన్ అధికారికి మాత్రం అవి ముగ్గురు వేర్వేరు మనుషుల కాగితాలు. ఈ ఒక్క కారణంతో నా ఫైలు ఏడు వారాలు ఆగింది. కాబట్టి మార్పించగలిగినవి ముందే మార్పించండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే పెళ్లి సర్టిఫికెట్ జత చేయండి. మిగిలిన తేడాలకు 'ఈ పేర్లన్నీ నావే' అని నోటరీ అఫిడవిట్ తీసుకుని, దాన్ని కూడా జర్మన్‌లోకి అనువాదం చేయించండి. అనువాదకులు ఎవరై ఉండాలో ఆ కార్యాలయాన్ని అడిగాకే డబ్బు కట్టండి.

తర్వాత గంటలు. వాళ్లు మార్కులకన్నా గంటలను ఎక్కువగా చూస్తారు. జర్మనీలో నర్సు శిక్షణ 4,600 గంటలు: తరగతిలో 2,100, వార్డుల్లో 2,500. మీరు ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారు, ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారు అన్నది కాలేజీ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకంతో, ముద్రతో కావాలి. 'మెడికల్ సర్జికల్ నర్సింగ్' అని మొత్తం ఒకే అంకె వేయించుకుంటే నష్టపోయేది మీరే. నేను రెండోసారి కాలేజీకి వెళ్లి, పాత పోస్టింగ్ రిజిస్టర్లు తీయించి, క్లర్కు పక్కన కూర్చుని ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, పిల్లల వార్డు, మానసిక వైద్య విభాగం, పీహెచ్‌సీ అని విడివిడిగా రాయించాను. ఆ క్లర్కు ఓపిగ్గా ఒక మధ్యాహ్నమంతా నాకోసం కేటాయించారు. ఆమె మేలు మరచిపోలేను. కాలేజీ మూతపడకముందే, తెలిసినవాళ్లు బదిలీ కాకముందే ఈ పని ముగించండి.

ఇంత చేసినా చాలామందికి 'డెఫిజిట్‌బెషైడ్' అనే ఉత్తరం వస్తుంది. మీ చదువులో ఫలానా లోటు ఉందని అందులో రాస్తారు. నాకు వచ్చినప్పుడు తిరస్కరించారనుకుని మా అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. అది తిరస్కరణ కాదు. చాలామంది నర్సులు జర్మనీకి వచ్చేది ఆ ఉత్తరంతోనే. దాని ఆధారంగా, జర్మనీ నివాస చట్టం 16డి సెక్షన్ కింద వీసా ఇస్తారు. మొదట 24 నెలల వరకు, అవసరమైతే మరో 12 నెలలు ఉండవచ్చు. ఆలోగా పరీక్ష పాసయ్యో, ఆసుపత్రిలోనే సర్దుబాటు శిక్షణ చేసో ఆ లోటు పూడ్చాలి. నా ఉత్తరంలో వృద్ధుల సంరక్షణ లోటుగా చూపించారు. మన దగ్గర రోగికి స్నానం చేయించడం, తినిపించడం ఎక్కువగా ఇంటివాళ్లే చేస్తారు. ఇక్కడ అదంతా నర్సు పనే, దాన్ని చిన్నపనిగా ఎవరూ చూడరు. అందుకే నేను శిక్షణనే ఎంచుకున్నాను. వార్డులో పదేళ్ల అనుభవం ఉన్నా అదే ఎంచుకోమంటాను. పరీక్ష త్వరగా ముగుస్తుంది, కానీ పక్కన నిలబడి చేయి పట్టి నేర్పించేవారు అందులో ఉండరు.

భాష సంగతి. చాలాచోట్ల జర్మన్ భాషలో బి1 స్థాయితో బయలుదేరవచ్చు, నర్సు లైసెన్సుకు మాత్రం దానిపై స్థాయి బి2 కావాలి. బి2 ఇండియాలోనే పూర్తి చేసుకుని రండి. ఇక్కడ షిఫ్టులు చేస్తూ చదవడం ఎంత కష్టమో నాకు తెలుసు. జర్మన్ నేర్పే గోథే సంస్థ పెట్టే బి2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలుంటాయి. తప్పిన భాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. హైదరాబాద్‌లో గోథే జెంట్రమ్ ఉంది.

డబ్బు దగ్గర చాలా జాగ్రత్త. హైదరాబాద్‌లో ఒక ఏజెంటు నన్ను మూడు లక్షలు అడిగాడు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తన దగ్గరే ఉంచమన్నాడు. మన చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే లేచి వచ్చేయండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే. ముందు వాటిని అడగండి. ఒప్పందంలో 'మధ్యలో మానేస్తే ఇంత తిరిగి కట్టాలి' అనే షరతు ఉందేమో, ఎంత మొత్తమో, ఎన్నాళ్లవరకో చదవకుండా సంతకం పెట్టవద్దు.

ఆసుపత్రిని ఒక మాట తప్పకుండా అడగండి: 'వేగవంతమైన నిపుణుల ప్రక్రియ' మొదలుపెడతారా అని. అది అదే నివాస చట్టంలోని 81ఎ సెక్షన్. మీరిచ్చిన అధికార పత్రంతో ఆసుపత్రే అక్కడి విదేశీయుల కార్యాలయంలో దరఖాస్తు చేస్తుంది, ఫీజు 411 యూరోలు. కాగితాలన్నీ చేరాక గుర్తింపు కార్యాలయం రెండు నెలల్లో తేల్చాలి. విదేశీయుల కార్యాలయం నుంచి వీసాకు ముందస్తు అనుమతి వచ్చాక అపాయింట్‌మెంట్ మూడు వారాల్లో ఇస్తారు, నిర్ణయం సాధారణంగా మరో మూడు వారాల్లో వస్తుంది.

ఇక వీసా దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, అపాయింట్‌మెంట్ రోజు ఒరిజినళ్లు, నకళ్లు తీసుకుని వెళ్లడమే. ఇంతకు ముందు పని సరిగా జరిగితే ఇక్కడ భయపడాల్సింది లేదు. పాస్‌పోర్టు తిరిగి రాగానే కౌంటరు దగ్గరే వీసా మీద పేరు, తేదీలు, ఆసుపత్రి వివరాలు చదవండి. ప్రయాణం రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు పెద్ద పెట్టెలో వేయకండి. చేతి సంచిలో, మీ ఒళ్లో ఉండాలి.