స్టైలస్ కొనే ముందు మీ టచ్‌స్క్రీన్ ఏ రకానిదో తెలుసుకోవడం ఎలా?

అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లోనో, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో స్టైలస్, అంటే తెరపై రాసే పెన్ను, కావాలని అడిగితే, చవకైన రబ్బరు మొన పెన్ను మొదలుకొని వేల రూపాయల ఖరీదు చేసే వాటి వరకు ఎన్నో చూపిస్తారు. వాటిలో మీకు ఏది పనికొస్తుందో తేల్చేది పెన్ను కాదు, మీ దగ్గరున్న తెర. అందుకే దుకాణానికి బయలుదేరే ముందు ఇంట్లోనే ఈ పరీక్షలు చేసి చూసుకోవడం మంచిది.

మొదట తెరను మెత్తని పొడిబట్టతో తుడిచి, వేలి కండ తగలకుండా గోటితో మాత్రమే మెల్లగా నొక్కండి. స్పందన వస్తే అది చాలావరకు రెసిస్టివ్ తెర. దీనిలో పైనున్న పలుచని ప్లాస్టిక్ పొరకూ కింది గాజుకూ లోపలివైపు విద్యుత్తును ప్రసరింపజేసే పారదర్శకమైన పూత ఉంటుంది. నొక్కినచోట ఆ రెండు పూతలూ ఒకదానికొకటి తగలడంతో, అక్కడి వోల్టేజీని బట్టి యంత్రం స్థానాన్ని లెక్కగడుతుంది. పాత బిల్లింగు యంత్రాలలోనూ, 2008లో వచ్చిన నోకియా 5800 ఫోన్‌లోనూ ఉన్నది ఇదే. దీనికోసం ప్రత్యేకంగా స్టైలస్ కొనడం డబ్బు దండగ, మొద్దుబారిన మొన గల ఏ ప్లాస్టిక్ పుల్ల అయినా సరిపోతుంది.

బడులలో గోడకు బిగించే పెద్ద ప్యానెళ్లు కూడా గోటికి స్పందించవచ్చు. వేలు గాజుకు తగలకముందే గీత పడుతూ, అంచు కాస్త ఎత్తుగా ఉంటే అది ఇన్‌ఫ్రారెడ్ రకం. గాజు మీదుగా అంచు నుంచి అంచుకు సాగే, కంటికి కనిపించని కాంతి కిరణాలకు అడ్డుపడే వస్తువు ఏదైనా దానికి వేలుతో సమానమే, చివరికి చొక్కా చెయ్యి కూడా.

గోటికి స్పందించకుండా వేలి కొసకు మాత్రమే స్పందించే తెర కెపాసిటివ్ రకం. 2007లో ఐఫోన్ వచ్చిన తరువాత క్రమంగా ఫోన్లన్నీ దాదాపుగా దీనికే మారాయి. గాజు కింద కంటికి కనిపించని ఎలక్ట్రోడ్లు గళ్లుగళ్లుగా ఉంటాయి, మన శరీరం విద్యుద్వాహకం కాబట్టి వేలు ఆనగానే అక్కడి కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవుంచుకునే సామర్థ్యం) మారుతుంది. నిర్ధారించుకోవాలంటే ఇయర్‌బడ్ దూదిని తడిపి, నీళ్లు కారకుండా పిండి, ఆ తడికి వేలు తగిలేలా పట్టుకొని తెరపై గీయండి, గీత పడుతుంది. వానలో స్కూటరుకు తగిలించిన ఫోన్‌లో మ్యాపు దానంతటదే జరిగిపోవడానికి కారణం కూడా ఈ తడే.

రబ్బరు మొన పెన్ను చేసేది ఆ తడి దూది పనే. ఎలక్ట్రోడ్ల మధ్య దూరం సాధారణంగా నాలుగైదు మిల్లీమీటర్లు ఉండటం వల్ల మరీ సన్నని మొన తెరకు సరిగా అందదు, అందుకే దాన్ని లావుగా చేస్తారు. నోట్స్ రాసుకునే విద్యార్థులకు దీన్ని నేను సిఫారసు చేయను, ఎందుకంటే మొన కింద ఏ అక్షరం పడుతోందో కనబడక గుడులూ వత్తులూ కలిసిపోతాయి, పైగా ఆనించిన అరచేతిని కూడా తెర వేలుగానే భావించి గీతలు పెడుతుంది.

రాతపని ముఖ్యమైతే, మీ పరికరం వివరాల పత్రంలో ఏ పెన్నుకు అనుకూలమో చూడండి. 2011 నాటి శామ్‌సంగ్ గెలాక్సీ నోట్‌తో వచ్చిన ఎస్ పెన్ ఈఎంఆర్ రకానిది: తెర వెనుకనున్న పలక అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే పెన్నులోని తీగచుట్ట దానికి స్పందిస్తుంది కనుక, రాయడానికి పెన్నులో బ్యాటరీ అవసరం లేదు. 2015లో వచ్చిన యాపిల్ పెన్సిల్ మాత్రం తన బ్యాటరీతో తెరలోని ఎలక్ట్రోడ్లకే సంకేతం పంపుతుంది. ఒకదాని పెన్ను మరొకదానిపై రాయదు. అన్నిటికీ పనిచేస్తుందని చెప్పి అమ్మే బ్యాటరీ పెన్నులు సాధారణంగా వేలిని అనుకరించేవే కనుక, ఒత్తిడిని బట్టి గీత లావూ సన్నం కావడాన్ని వాటి నుంచి ఆశించకండి.

చివరగా, మీ సొంత పరికరాన్ని టెంపర్డ్ గ్లాస్ తీయకుండానే దుకాణానికి తీసుకువెళ్లి, స్కేలు ఆనించి చాలా నిదానంగా ఒక ఏటవాలు గీత గీయండి. గీత మెట్లుమెట్లుగానో అలలుగానో వస్తే మరో పెన్ను చూపించమని అడగండి.