పెరట్లో సామాన్ల షెడ్డు: ఎంత సైజు వేసుకోవాలి

పెరట్లో మిగిలిన జాగా చూసి "పది బై పది వేసెయ్" అని వెల్డర్‌కు చెప్పేస్తారు చాలామంది. పంట ఇంటికొచ్చాక వడ్ల బస్తాలు, బండి, స్ప్రేయర్లు అన్నీ పడతాయి గాని, వెనకున్న బస్తా తీయాలంటే ముందున్నవన్నీ బయట పెట్టాలి. సామాను ఆక్రమించే చోటును లెక్కేసి, మనిషి తిరిగే చోటును వదిలేయడంతోనే ఈ తిప్పలు వస్తాయి.

ముందు షెడ్డులోకి వెళ్లాల్సిన సామానంతా ఒక ఉదయం పెరట్లోకి తెచ్చి పెట్టండి. పనికిరానిది అక్కడే తేలిపోతుంది. మిగిలినదాన్ని లోపల ఎలా ఉంచాలనుకుంటున్నారో అలాగే సర్ది, చుట్టూ ముగ్గు పోయండి. పునాదికి ముగ్గు పోసినట్టే, తలుపు వచ్చే చోటును మాత్రం ఖాళీగా వదలాలి. ఆ తలుపులోంచి బండి తోసుకుంటూ లోపలికి వెళ్లి రండి. భుజాన బస్తాతో ఒకసారి నడవండి. ఎక్కడ తగులుతుందో అక్కడ ముగ్గు చెరిపి జరపండి. సిమెంటు పోశాక జరపలేరు.

రెండు మూడెకరాల రైతు ఇంటినే తీసుకుని లెక్క చూద్దాం. తిండికి, విత్తనానికి 75 కిలోల వడ్ల బస్తాలు 20 ఉన్నాయనుకోండి. పడుకోబెట్టిన బస్తా దాదాపు 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 9 అంగుళాల మందం ఉంటుంది. కింద నాలుగు పరిచి ఐదు వరసలు పేర్చితే 6 అడుగులు బై 4 అడుగుల జాగా పడుతుంది. కానీ బస్తాలను గోడకు ఆనించకూడదు. రేకుకు పట్టిన చెమ్మ బస్తాకు దిగుతుంది. గోడకూ బస్తాకూ మధ్య ఇరుకులో ఎలుక గూడు పెడితే కనపడదు కూడా. గోడ వైపు రెండు పక్కలా అడుగున్నర వదలాలి. అప్పుడు ఆ మూలకు ఏడున్నర బై ఐదున్నర కావాలి, అంటే 41 చదరపు అడుగులు. అసలు బస్తాలకు పట్టేది 24 మాత్రమే. ఈ తేడాయే చాలామంది లెక్కలో ఉండదు. కింద చెక్కలు వేసి నేలకు అర అడుగు ఎత్తులో పెట్టండి.

మోటార్ సైకిల్ ఆరున్నర అడుగుల పొడవు, హ్యాండిల్ దగ్గర రెండున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. స్టాండు వేసి పక్కకు దిగాలి కాబట్టి 7 బై 4 కేటాయించండి. పనిముట్లకు అడుగున్నర లోతున్న అరలు నాలుగున్నర అడుగుల పొడవున చాలు. పార, గడ్డపార, నిచ్చెన గోడకు తగిలించవచ్చు. 20 అడుగుల పీవీసీ పైపుల కోసం షెడ్డును పొడిగించకండి. ప్రహరీకి కొక్కేలు కొట్టి వాటిమీద పెట్టి, ఎండ తగలకుండా పట్టా కప్పితే సరిపోతుంది.

వీటన్నిటికీ లోపల 12 అడుగుల పొడవు, 10 అడుగుల లోతు సరిపోతుంది. వెనక ఎడమ మూల వడ్లు, కుడి గోడ వెంబడి బండి, ముందు ఎడమ గోడకు అరలు. తలుపు ముందు మధ్యలో నాలుగున్నర అడుగుల లోతున నడవడానికి చోటు మిగులుతుంది. బండి వెనక మూల పట్టాలకూ ఖాళీ సంచులకూ వస్తుంది.

ఎరువులు, పురుగు మందులు ఈ లెక్కలో లేవు, కావాలనే కలపలేదు. తిండిగింజలున్న గదిలో మందు డబ్బా పెట్టకూడదు. పొడవు మరో 4 అడుగులు పెంచి, పైకప్పు దాకా అడ్డుగోడ వేసి, విడిగా తలుపూ తాళమూ పెట్టించండి. 45 కిలోల యూరియా, 50 కిలోల డీఏపీ బస్తాలు కలిపి పది దాకా అందులో హాయిగా పడతాయి. యూరియా గాలిలో తేమను లాగి గడ్డకడుతుంది, దాని తడి తగిలిన రేకు తుప్పు పడుతుంది. అందుకని అక్కడా చెక్కలు వేయాలి, గోడకు ఎడం ఉంచాలి.

మొత్తం 16 బై 10 అయింది. ఇప్పుడు రేకులతో సరిచూడాలి. కలర్ కోటెడ్ రేకు మూడున్నర అడుగుల వెడల్పున్నా, ఒకదానిమీద ఒకటి ఎక్కించాక కప్పేది మూడుంపావు అడుగులే అనుకోండి. ఐదు రేకులు పదహారుంపావు కప్పుతాయి. షెడ్డును 17 అడుగులు చేస్తే, ఒక్క అడుగు కోసం ఆరో రేకు కొనాలి. రేకు తయారీని బట్టి ఈ కొలత కాస్త మారుతుంది, షాపులోనే అడగండి. పొడవు 12 అడుగుల రేకు తీసుకుంటే ముందు చూరు అడుగున్నర, వెనక అర అడుగు వస్తాయి. వాలుకు పోయేది అంగుళమో రెండంగుళాలో.

ఎత్తు ముందు ఎనిమిదిన్నర, వెనక 7 అడుగులు ఉండాలి. వెనక ఆరడుగులకు దించితే వడ్ల దగ్గర తల వంచుకునే తిరగాలి, వేసవిలో రేకు వేడి నెత్తిమీదే ఉంటుంది. తలుపు 4 అడుగుల వెడల్పున, రెండు రెక్కలతో, బయటికి తెరుచుకునేలా ఉండాలి. లోపలికి తెరిస్తే నడిచే చోటు తలుపుకే పోతుంది. బేస్‌మెంటు పెరటి మట్టానికి అడుగు ఎత్తు లేపితే బండి ఎక్కడానికి ర్యాంపు కనీసం ఐదారడుగులు కావాలి, దానికీ ముందే చోటు ఉంచండి.

వెనక ప్రహరీకి మూడడుగులు వదలండి. చూరు నీళ్లు పక్కింట్లో పడకూడదు, మనిషి వెళ్లి శుభ్రం చేయగలగాలి. సెప్టిక్ ట్యాంకు మూత మీదికి షెడ్డు రానివ్వకండి. కొబ్బరిచెట్టు కింద సిమెంటు రేకులు అసలు వద్దు, ఒక్క కాయ చాలు పగలడానికి. వాస్తు పాటించే ఇళ్లలో బరువును నైరుతిలో పెడతారు. మీరూ అలాగే అనుకుంటే ఈ దూరాలన్నీ ఆ మూలలో కుదురుతున్నాయా అని ముగ్గు పోసినప్పుడే చూసుకోండి. తీరప్రాంతంలో అయితే స్తంభాలను కనీసం రెండడుగుల లోతు కాంక్రీటులో దింపించాలి. గాలికి ముందు లేచేది రేకుల కప్పే.

రేపు సామాను పెరుగుతుందని ఇప్పుడే ఇరవై ఐదు అడుగులు వేయడం కంటే, ఒక పక్క పొడవునా ఖాళీ ఉంచుకోవడం మేలు. ఆ పక్కన రెండు రేకులు జోడిస్తే ఆరున్నర అడుగులు పెరుగుతుంది.

మేస్త్రికి కొలతలు అడుగుల్లోనే, కాగితం మీద రాసివ్వండి. అంకణాల్లో చెప్పకండి. నెల్లూరు వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు, ఇంకొన్ని చోట్ల 72. కొలత పక్కన "లోపలిది" అని తప్పకుండా రాయండి. రేకులకు బదులు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కడితే, బయట పది అడుగులున్నా లోపల మిగిలేది తొమ్మిదుంపావు, ప్లాస్టరింగు చేస్తే ఇంకా తగ్గుతుంది. మీ బండి పక్కన దిగే చోటు అక్కడే పోతుంది.