ఎండాకాలం ల్యాబ్‌లో ఇంటర్న్‌గా చేరే ముందు

ప్రొసీజర్ కాగితంలో "గది ఉష్ణోగ్రత దగ్గర అరగంట కలపాలి" అని ఉంటుంది. ఆ కాగితం రాసినవాళ్ల లెక్కలో గది అంటే 20, 25 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో ఏసీ లేని కెమిస్ట్రీ ల్యాబ్‌లోకి వచ్చి గోడకున్న థర్మామీటరు చూడండి. 38 ఉంటే ఈరోజు కాస్త నయం అనుకుంటాం. పదార్థాలను కరిగించడానికి మేం వాడే డైఈథైల్ ఈథర్ 34.6 దగ్గరే మరుగుతుంది, అంటే మంట పెట్టే పనే లేదు. మేమంతా డీసీఎం అని పిలిచే డైక్లోరోమీథేన్‌కు 40 చాలు. సెమిస్టర్ పరీక్షలు రాసి ఇంటర్న్‌షిప్ అని ఎమ్మెస్సీ పిల్లలు వచ్చేది సరిగ్గా ఈ ఎండల్లోనే.

నా సంగతే చెబుతా. చేరిన నాలుగో రోజు. సార్ మీటింగ్‌కి పోయారు, నాకు పని నేర్పే అక్క భోజనానికి పోయింది. సెపరేటింగ్ ఫన్నెల్‌లో, అంటే కలవని ద్రవాలను విడదీసే గాజు పాత్రలో, డీసీఎం ఉంది. అందులో యాసిడ్ పోవడానికి సోడియం బైకార్బొనేట్ నీళ్లు పోసి, బిరడా పెట్టి, కాలేజీలో ఊపినట్టు గట్టిగా ఊపేశా. ఆ వేడికి డీసీఎం ఆవిరి ఒకపక్క, బైకార్బొనేట్ నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఇంకోపక్క. బిరడా ఎగిరి ఫ్యానుకు తగిలింది. సగం ద్రవం నా మెడ మీద. చెమటకి మసక కమ్ముతోందని గాగుల్స్ అప్పటికే నుదుటి మీదికి జరిపి ఉన్నా. కళ్లలో పడకపోవడం నా అదృష్టం, అంతే. అక్క వచ్చి, నన్ను కుళాయి కింద నిలబెట్టి, మెడ కడుగుతూ అడిగిన మొదటి మాట: "ఏం పాపా, గాలి తీస్తివా లేదా?"

ఆ గాలి తీయడం ఇట్లా. బిరడా మీద అరచెయ్యి నొక్కి పెట్టి ఫన్నెల్‌ను తలకిందులు చేయండి. కాడ మీ ముఖం వైపూ పక్కవాళ్ల వైపూ కాకుండా ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లోపలికి చూడాలి. ఒక్కసారి మెల్లగా కదిపి వెంటనే కాడకున్న చిన్న కుళాయి, అదే స్టాప్‌కాక్, తిప్పితే బుస్‌మంటుంది. మూసి, మళ్లీ కదిపి, మళ్లీ తిప్పండి. బుస్ వినబడకుండా పోయాకే గట్టిగా ఊపడం. బైకార్బొనేట్ పోసినప్పుడైతే బిరడా పెట్టకముందే నురగ అణిగేదాకా ఆగండి. గ్లవ్స్ ఉన్నాయి కదా అనుకోవద్దు. పల్చటి నైట్రైల్ గ్లవ్స్‌లోంచి డీసీఎం నిమిషాల్లో లోపలికి దిగుతుంది. ఒలికితే వెంటనే తీసేసి, చేతులు కడుక్కుని వేరేవి వేసుకోండి.

ఎండలో స్టోర్ నుంచి తెచ్చిన అమ్మోనియా సీసాకైనా ఇదే భయం. ముందు చల్లబడనిచ్చి, హుడ్ కింద మూతను కొంచెం కొంచెంగా తిప్పాలి. ఈథర్‌తో పని ఉంటే పొద్దున్నే రండి. దాని ఆవిరి గాలికంటే బరువు, బల్ల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న మంటను కూడా అందుకుంటుంది.

మన ఊళ్లో ఇంకో చిక్కు నీళ్లు. మధ్యాహ్నానికి మేడమీది ట్యాంకు నీళ్లు ఎట్లుంటాయో మీకు తెలిసిందే. వాటిని ఆవిరిని చల్లబరిచి మళ్లీ ద్రవంగా మార్చే కండెన్సర్‌కు పెడితే ఆవిరి చల్లబడక పైనుంచి పోతుంది. మేం బకెట్‌లో ఐస్ వేసి, ఎయిర్ కూలర్‌లో ఉండే చిన్న మోటారుతో తిప్పుతాం. కరెంటు పోతే ఆ మోటారూ ఆగుతుంది, హుడ్ ఫ్యానూ ఆగుతుంది. ముందు ఫ్లాస్కును వేడిచేసే హీటింగ్ మాంటిల్ స్విచ్ ఆపి, హుడ్ అద్దం దించి బయటికి రండి. లేకపోతే మీరు టీ తాగుతుండగా కరెంటొచ్చి, మనిషి లేకుండానే మాంటిల్ వేడెక్కుతుంది.

కళ్లు కడుక్కునే ఐ వాష్, షవర్, మంటలార్పే సిలిండర్, మెయిన్ స్విచ్ ఎక్కడున్నాయో మొదటి రోజే చూపించమనండి. చూసి ఊరుకోకుండా ఐ వాష్‌ను రోజూ తిప్పి చూడండి. ఎండాకాలంలో కుళాయిలు ఎండిపోవడం మనకు కొత్త కాదు. కంట్లో యాసిడ్ పడితే కనీసం 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు కావాలి. ఒక చెంబు నీళ్లతో అయ్యే పని కాదది.

చల్లగా ఉంటుందని వాటర్ బాటిల్‌ను ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టే పని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చేస్తారు. పేరు రాసి మరీ పెడతారు! ఆ ఫ్రిజ్‌లో పక్క సీసా ఏమిటో చదివితే వాళ్లే తీసేస్తారు. నీళ్లు, టిఫిన్ డబ్బా బయట వరండాలోనే. ఉగ్గాని తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, గ్లవ్స్ వేసుకున్నా సరే.

చెప్పులు వద్దు, బూట్లే. నైలాన్, పాలిస్టర్ బట్టలు మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి, కాటన్ వేసుకోండి. జడ ముడి వేసుకుని, చున్నీ తీసి పక్కన పెట్టండి. బ్యాలెన్స్ మీద తూచేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. ఉక్కపోస్తుందని ఆపకపోతే అంకె నిలవదు, పొడి ఎగిరి ముక్కులోకి పోతుంది.

నీళ్లలోకే యాసిడ్ పోయాలని అందరికీ వచ్చు కాబట్టి దాని గురించి రాయను. తెలియనిది వేస్ట్ సీసాల సంగతి. డీసీఎం, క్లోరోఫారం ఒక సీసాలో, అసిటోన్, ఇథనాల్ లాంటివి ఇంకో సీసాలో. నైట్రిక్ యాసిడ్‌ను ఈ రెంటిలో దేనిలోనూ పోయకూడదు, సీసా పేలుతుంది. లేబుల్ అర్థం కాకపోతే పోయకుండా చేతిలోనే పెట్టుకుని, "అక్కా, ఇది ఎందులో?" అని అడగండి. ఎన్నిసార్లు అడిగినా మేం విసుక్కోం. విసుక్కున్నా, మళ్లీ అడగండి.

గాజు సామాను పగిలిందా, అప్పుడే చెప్పండి. సార్ తిడతారన్న టెన్షన్‌తో ముక్కల్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తే, మరునాడు పొద్దున ఊడ్చే ఆమె చెయ్యి తెగుతుంది. పగిలిన గాజుకు మా దగ్గర వేరే అట్టపెట్టె ఉంది, తలుపు వెనకాల.

నోట్‌బుక్‌లో రోజూ తేదీ పక్కనే ఆ పూట గది ఎంత వేడిగా ఉందో కూడా రాయండి. మొన్న ఒకబ్బాయికి రియాక్షన్ రెండుసార్లు బాగా వచ్చి మూడోసారి చెడింది. వారం రోజులు వెతికాడు. మొదటి రెండూ పొద్దున ఏడింటికి మొదలుపెట్టినవి.