ఆన్‌లైన్ ఆట నడిపే ముందు గేమ్ మాస్టర్ జాగ్రత్తలు

కూకట్‌పల్లి, ఉప్పల్, డల్లాస్‌లలో ఉన్న స్నేహితులు కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు అందులో పాత్రలుగా ఆడే ఆట) ఆడాలనుకుంటే, కథ నడిపే గేమ్ మాస్టర్ (జీఎం) మీరైతే ముందురోజే ఇవి చూసుకోండి.

– టైమ్: మనకు ఆదివారం ఉదయం 8 అంటే డల్లాస్‌లో వేసవిలో శనివారం రాత్రి 9:30, చలికాలంలో 8:30. అక్కడ గడియారాలు మార్చి, నవంబరులో మారతాయి. ఆ వారం మళ్లీ అడగండి.

– సాఫ్ట్‌వేర్: మొదటిసారికి రోల్20 చాలు. మ్యాప్, పాచికలు తెరపైనే ఉండే సైట్ అది. ఉచిత ఖాతాతో బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఇలాంటిదే మరొకటైన ఫౌండ్రీ అయితే ఆట నడిపేవారు ఒక్కరు కొంటే సరిపోతుంది. కానీ మీ సిస్టమ్ నుంచే హోస్ట్ చేస్తే మామూలుగా రౌటర్‌లో పోర్ట్ (బయటివాళ్లు మీ సిస్టమ్‌కు చేరే దారి) తెరవాలి. కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల నెట్ చిరునామా) లేకపోతే అది కుదరదు. నెట్ వాళ్లను ముందే అడగండి.

– టోకెన్లు (మ్యాప్‌పై పాత్రలను సూచించే బొమ్మలు): అసలు తిప్పలు ఇక్కడే. ప్రతి పాత్రనూ దాని ఆటగాడికి అప్పగించారా? లేదంటే వాళ్లు టోకెన్ కదపలేరు, మొదటి అరగంట అక్కడే పోతుంది. పొంచి ఉన్న రాక్షసులు మీకు మాత్రమే కనిపించే జీఎం లేయర్‌లోనే ఉన్నారా? రోల్20 సెట్టింగ్స్‌లో ఆటగాడిగా మళ్లీ చేరే బటన్ ఉంటుంది. అది నొక్కి, వాళ్లకు మ్యాప్ ఎలా కనిపిస్తుందో చూడండి.

– ఇయర్‌ఫోన్లు అందరికీ తప్పనిసరి. స్పీకర్ పెడితే ఎకో, పైగా కుక్కర్ విజిల్.

– కథలో ఏ విషయాలు వద్దో అందరినీ అడగండి. మొహమాటపడేవాళ్లకు విడిగా మెసేజ్ పెట్టండి.

– గట్టి వానకు కరెంటు పోవచ్చు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంటే మేలు. మధ్యలో ఎవరైనా కట్ అయితే వారి పాత్రను ఎవరు ఆడాలో ముందే అనుకోండి.