పిడుదులు కనబడవు, పశువు పాలిపోతోంది: అనాప్లాస్మోసిస్‌ను పట్టుకోవడం

సమస్య: పెద్ద ఆవుకు 104 నుంచి 106 డిగ్రీల జ్వరం. మేత మానేసింది, పాలు ఒక్కసారిగా పడిపోయాయి, పేడ గట్టిగా ముదురు రంగులో పడుతోంది. రెండు రోజులు పెన్సిలిన్ పడినా గుణం లేదు.

సూది పట్టేముందు కింది కనురెప్ప లాగి చూడండి, మూత్రం పోసేదాకా ఆగి దాని రంగు చూడండి. ఈ రెండూ చూడకుండానే మందు మార్చేవాళ్లే ఎక్కువ.

రెప్ప లోపల ముందు పాలిపోయి, తర్వాత పసుపు తిరిగి, మూత్రంలో మాత్రం ఎరుపు లేకపోతే మొదటి అనుమానం అనాప్లాస్మోసిస్ తెచ్చే, మామూలుగా పిడుదులు మోసే, అనాప్లాస్మా మార్జినాలే మీదే. ఈ బ్యాక్టీరియా చేరిన ఎర్ర రక్తకణాలను ప్లీహమే ఏరి నాశనం చేస్తుంది. అవి రక్తనాళాల్లో పగలవు కాబట్టి మూత్రం ఎర్రబడదు. కాఫీ రంగు మూత్రమైతే బెబీసియా, భుజం ముందు గ్రంథి బాగా ఉబ్బితే థైలీరియా. ఆ రెండూ ప్రోటోజోవాలు (ఒకే కణమున్న పరాన్నజీవులు), వాటి మందులు వేరు. బెబీసియాకు వాడే డైమినజీన్ అనాప్లాస్మాను ఏమీ చేయదు. ఈనిన కొత్తలో జ్వరం లేకుండా ఎర్రమూత్రమైతే భాస్వరం లోపం. దాని గోల ఇక్కడ అక్కర్లేదు.

చెవి కొన రక్తంతో స్లైడు మందుకు ముందే తీయించండి. కణం అంచున ముదురు చుక్క కనిపిస్తే ఖాయం. రక్తహీనత బాగా ముదిరేసరికి చుక్కలు తగ్గిపోతాయి, కాబట్టి రెప్ప తెల్లగా ఉన్నప్పుడు ఖాళీ స్లైడును నమ్మి రోగం లేదనుకోకండి.

చికిత్స: పశువైద్యుడి చేత లాంగ్ యాక్టింగ్ ఆక్సీటెట్రాసైక్లిన్, కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములున్న సీసాలోదైతే 300 కిలోల ఆవుకు 30 మిల్లీలీటర్లు. ఒకచోట 10 మిల్లీలీటర్లకు మించకుండా మూడు చోట్ల లోతుగా కండలోకి. పాల నిషేధ కాలం లేబుల్ చూసి పాటించండి. పాలిపోయిన పశువును తోలుకెళ్లకండి, తరమకండి. ఆక్సిజన్ మోసే రక్తం లేక ఆ శ్రమకే కూలిపోతుంది. నీళ్లూ మేతా దాని దగ్గరికే చేర్చండి.

ఇప్పుడు అసలు దొంగ. పిడుదుల మందు కొట్టారు, ఒంటిమీద ఒక్కటీ లేదు, అయినా మందలో కేసులు వరుసగా వస్తున్నాయి. సోకాక జబ్బు బయటపడటానికి పట్టే కాలం అది కాబట్టి, క్యాలెండరు తీసి మూడు నుంచి ఐదు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. ఆ రోజుల్లో టీకాలో, కొమ్ములు తీయడమో, చెవి ట్యాగులో, వట్టలు కొట్టడమో జరిగిందా? కోలుకున్న పశువు చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది గానీ, బతికినంతకాలం దాని రక్తంలో బ్యాక్టీరియా ఉండిపోవచ్చు. దాన్ని పొడిచిన సూదే తర్వాతి పశువులోకి దిగితే పిడుదుతో పనేముంది? సూది బయట స్పిరిట్ దూదితో తుడిస్తే గొట్టంలోని రక్తం పోదు. పశువుకో కొత్త సూది. కొమ్ముల రంపం, ట్యాగు పట్టకారు, కత్తి ప్రతి పశువు తర్వాతా రక్తం కడిగి, క్రిమిసంహారకంలో ముంచాలి. కుట్టే ఈగలు కూడా రక్తాన్ని మోస్తాయి. లేగదూడలకు సోకినా జబ్బు తేలిగ్గా పోతుంది, రెండేళ్లు దాటినవాటికే ప్రాణం మీదికొస్తుంది. అందుకే దూడలు బాగున్నాయని ధీమాపడకండి. స్లైడులో దొరకని వాహక పశువులను పీసీఆర్ లేదా ఎలైజా అనే ల్యాబు పరీక్ష పట్టిస్తుంది.

పిడుదులున్న చోట ఒంటితోపాటు కొట్టం గోడల పగుళ్లు, గాటి మూలలు కూడా తడపండి. ఆడ పిడుదు నేలకు రాలి గుడ్లు పెట్టేది అక్కడే. మూడు వారాల్లోపు మళ్లీ కొట్టకపోతే మొదటిది వృథా.

మనుషుల మాట: అనాప్లాస్మా మార్జినాలే మనకు సోకదు. కానీ పిడుదుల్లో మనకు సోకే రికెట్సియాలు, అనాప్లాస్మా ఫాగోసైటోఫిలమ్ లాంటి బ్యాక్టీరియాలు ఉంటాయి. పిడుదులను వేళ్లతో నలపకండి, కిరోసిన్ పోయకండి. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. రెండు వారాల్లోపు జ్వరం, తీవ్ర తలనొప్పి, దద్దుర్లు, కాటు చోట నల్ల పక్కు కనిపిస్తే డాక్టరుకు మొదట పిడుదు సంగతే చెప్పండి. వీటికి డాక్సీసైక్లిన్ కావాలి, మామూలు పెన్సిలిన్ పనికిరాదు.