ఎదిగే పిల్ల గుండెకి ఎకో: నా కొలతల పుస్తకంలోంచి

మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. ఇంట్లోనే మిషన్ కుడతాను. జాకెట్లు కుట్టే అందరి దగ్గరా ఉన్నట్టే నా దగ్గరా ఒక కొలతల పుస్తకం ఉంది. దాని చివరి పేజీలు మాత్రం మా అమ్మాయి గుండెవి. ఎకో అంటే శబ్ద తరంగాలతో గుండెకి తీసే స్కాన్. 2018 నుంచి తీయించిన ప్రతి ఎకోలో గుండెలో ఏ గది ఎంత ఉందో, గదుల మధ్య తలుపులా ఉండే వాల్వ్ ఎంత లీకవుతోందో, ఆ రోజు దాని ఎత్తు, బరువు ఎంతో వరసగా రాసి పెట్టాను. చుట్టుపక్కల ఎవరి పిల్లలకైనా ఎకో రాశారంటే ఆ తల్లులు మా ఇంటికొచ్చి అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేది ఒకచోట రాసి ఉంచితే మంచిదనిపించింది. డాక్టర్ చదువు నాకు లేదు. ఎనిమిదేళ్లుగా ఎకో గదుల్లో కూర్చుని, డాక్టర్లను అడిగి నేర్చుకున్నదే ఇదంతా.

ముందు, ఎకో ఎప్పుడు అడగాలో చెప్తాను. మా పాపకి అప్పుడు పదకొండేళ్లు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లొచ్చాక గొంతు నొప్పి, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో తగ్గాయి. ఫిబ్రవరి మొదట్లో ఎడమ మోకాలు వాచి ఎర్రబడింది. రెండు రోజులకి మోకాలు మామూలైంది, కుడి చీలమండ వాచింది. ఆ తర్వాత మణికట్టు. ఊళ్లో వైద్యం చేసే ఆయన్ని పిలిస్తే "ఎదిగే పిల్లమ్మా, ఈ నొప్పులు మామూలే" అని నొప్పికి ఇంజెక్షన్ చేశారు. తగ్గింది. తగ్గింది కదా అని నేనూ ఊరుకున్నాను. పది రోజులకి, రాత్రి పడుకుంటే ఆయాసం వస్తోందని లేచి కూర్చుంది. కాసేపటికి కునుకు పట్టాక దాని ఛాతీ మీద చెయ్యి వేసి చూశాను. నిద్రలో కూడా మిషన్ సూది కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది.

ఎదుగుదల నొప్పులైతే కీలు వాయదు, ఎర్రబడదు. రాత్రి ఏడ్చిన పిల్ల పొద్దున్నే గెంతుతూ ఉంటుంది. వాపు ఒక కీలు నుంచి ఇంకో కీలుకి మారుతూ, అంతకు రెండు మూడు వారాల ముందు గొంతు నొప్పి కూడా వచ్చి ఉంటే రుమాటిక్ జ్వరమేమోనని అనుమానించాలి. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవితో ఒళ్లు పోరాడుతూ, పొరపాటున సొంత కీళ్ల మీదా గుండె వాల్వుల మీదా పడుతుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకి వస్తుంది. కీళ్లు మళ్లీ మామూలైపోతాయి, వాల్వ్ మాత్రం మచ్చపడి అలాగే ఉండిపోవచ్చు. కొందరు పిల్లలకి చేతులు వాటంతటవే మెలికలు తిరుగుతాయి, చేతిరాత పాడవుతుంది, గ్లాసు జారవిడుస్తారు. బడిలో అల్లరనుకుని కొడతారు. అదీ ఈ జబ్బు లక్షణమే, అప్పుడూ ఎకో తీయించాలి.

పాలు తాగుతూ చెమటలు పట్టి మధ్యలో ఆపేసే పసిపిల్లలు, పెదవులు నీలంగా మారే పిల్లలు, ఆడుతూ పరిగెడుతూ స్పృహ తప్పే కుర్రవాళ్లు, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయిన కుటుంబాల పిల్లలు – వీళ్ల విషయంలో ఒక్క రోజు కూడా ఆగవద్దు. అంగన్‌వాడీకి, బడికి పిల్లల ఆరోగ్యం చూడ్డానికి వచ్చే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పథకం వాళ్లకి 18 ఏళ్ల లోపు ఎవరినైనా చూపించొచ్చు.

ఇక ఎకోకి వెళ్లే రోజు సంగతి. ఛాతీ మీద నుంచి తీసే మామూలు ఎకోకి ఖాళీ కడుపు అక్కర్లేదు. మొదటిసారి నాకు తెలియక పాపని పొద్దున్నుంచి పస్తుంచాను. మధ్యాహ్నం మా వంతు వచ్చేసరికి నీరసంతో ఏడుస్తూ కదులుతూనే ఉంది, సగం కొలతలు రాలేదు, ఇంకో రోజు మళ్లీ వెళ్లాం. ఇడ్లీ పెట్టి తీసుకెళ్లండి. పసిబిడ్డైతే లోపలికి పిలిచే ముందు పాలు పట్టండి, నిద్రపోతే ఇంకా మంచిది. మత్తు మందు ఇచ్చి తీయాలన్నా, గొంతులోంచి గొట్టం పంపి తీసే ఎకో అన్నా ఎన్ని గంటలు ఆపాలో వాళ్లే చెప్తారు, అది మాత్రం కచ్చితంగా పాటించాలి.

ముందు వైపు గుండీలున్న చొక్కా వేయండి. ఎదిగిన ఆడపిల్లైతే పైన కప్పుకోవడానికి ఒక తువ్వాలు తీసుకెళ్లండి, "నేను పక్కనే ఉంటానండి" అని ముందే అడగండి. నర్సమ్మ ఎవరైనా ఉంటారా అని కూడా అడగొచ్చు. తప్పేం లేదు. నాకు తెలిసిన ఒక పిల్ల ఈ సిగ్గుతోనే రెండేళ్లు ఎకోకి రానంది. దాని తల్లి ఏమీ చేయలేకపోయింది. ఎకో కంటే ఆ గది గురించే పిల్లలకి ఎక్కువ టెన్షన్, అందుకని ఇంటి దగ్గరే అంతా చెప్పాలి. మూడు స్టిక్కర్లు అంటిస్తారు, చల్లటి జెల్ రాస్తారు, ఎడమ వైపుకి తిరిగి పడుకోమంటారు. అలా పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరగా వస్తుంది. చేతిలో పట్టే పరికరాన్ని రొమ్ము పక్కన, పొట్ట పైభాగాన, మెడ కింద గుంటలో పెట్టి కాస్త నొక్కుతారు. సూది ఉండదు. ఎక్స్‌రే లాంటి కిరణాలు కూడా ఉండవు, అంతా శబ్ద తరంగాలే, కాబట్టి ఎన్నిసార్లు తీయించినా ఆ భయం అక్కర్లేదు. పిల్లలకి అరగంట, ముప్పావుగంట పడుతుంది. మధ్యలో హుష్ హుష్‌మని పెద్ద శబ్దం వస్తుంది, అది రక్తం పారే శబ్దమని ముందే చెప్పి ఉంచండి.

తెర మీద ఎరుపు, నీలం రంగులు చూసి మా అత్తయ్య గారు మంచి రక్తం, చెడు రక్తం అనుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు. అది కాదు. పరికరం వైపు వచ్చే రక్తాన్ని ఎరుపులో, దూరంగా వెళ్లేదాన్ని నీలంలో మిషనే చూపిస్తుంది. మా పాపకి రుమాటిక్ జ్వరంతో, రెండు ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ దెబ్బతింది. వాల్వ్ మూసుకోవాల్సిన క్షణంలో సన్నటి సందులోంచి నీలం, పసుపు, పచ్చ కలగలిసిన ఒక పాయ పై గదిలోకి ఎగజిమ్మడం డాక్టరమ్మ గారు వేలు పెట్టి చూపించారు. మా ఆయన కాసేపు చూసి "కాలవ తూము తలుపు సరిగ్గా పడకపోతే నీరు వెనక్కి తన్నినట్టుందండీ" అన్నారు. "ఆయ్, అంతేనండి. వెనక్కొచ్చిన నీటితో పై మడి నిండిపోతుంది, అందుకే ఆ గది ఎంత పెద్దదవుతోందో చూస్తూ ఉంటాం" అన్నారావిడ.

రిపోర్టులో నేను చూసుకునేవి కొన్నే. ఎంఆర్ అంటే మైట్రల్ వాల్వ్ లీకు. పక్కన ట్రివియల్ (నామమాత్రం), మైల్డ్ (కొంచెం), మోడరేట్ (మధ్యస్థం), సివియర్ (తీవ్రం) అని రాస్తారు. ట్రివియల్ అన్నది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కనిపిస్తుంది, దానికే బెంగపడొద్దు. ఎంఎస్ అంటే వాల్వ్ ఇరుకవడం. దాని పక్కన వాల్వ్ దారి ఎన్ని చదరపు సెంటీమీటర్లో ఉంటుంది. పెద్దవాళ్లలో మామూలుగా 4 నుంచి 6 ఉంటుంది, 1.5కి వచ్చిందంటే బాగా ఇరుకైనట్టే. ఎల్‌ఏ అంటే ఎడమ పై గది. ఈఎఫ్ అంటే గుండె పంపింగ్, 55 నుంచి 70 శాతం మధ్య ఉంటే మామూలు. కానీ లీకు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈఎఫ్ కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది, ఆ ఒక్క అంకె చూసి ధైర్యపడిపోకూడదు. ఈ సంగతి నాకు నాలుగేళ్లు తెలియలేదు.

అన్నిటికంటే ముఖ్యం పాత రిపోర్టు. ఎదిగే పిల్లకి పోయినేడాది కొలతతో జాకెట్టు కుట్టలేం కదా. గుండె కూడా ఒంటితో పాటు పెరుగుతుంది. కాబట్టి ఈ రోజు అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, ఎత్తు, బరువుతో కలిపి, పాతదాని పక్కన పెట్టి చూడాలి. ఎకో ముందు ఎత్తు, బరువు కొలిచి రిపోర్టు మీద రాయమని అడగండి. మా పుస్తకంలో 2018 పేజీలో బరువు 31 కిలోలు, ఎల్‌ఏ 28 మిల్లీమీటర్లు, ఎంఆర్ మైల్డ్ అని ఉంటుంది. దాని కింద 2020 నవంబరు: బరువు 38, ఎల్‌ఏ 34, ఎంఆర్ మోడరేట్. "పిల్ల ఎదిగినందుకు 30 దాకా వస్తే సరే, 34 రాకూడదమ్మా" అన్నారు డాక్టరమ్మ గారు.

ఆ తేడా ఎందుకు వచ్చిందో కూడా పుస్తకంలో ఉంది. రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లకి మళ్లీ మళ్లీ రావచ్చు, వచ్చినప్పుడల్లా వాల్వ్ ఇంకొంత పాడవుతుంది. అలా రాకుండా 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించాలి. మా పాపకి 12 లక్షల యూనిట్లది. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు లేవు, పిల్ల చూస్తే హాయిగా ఆడుకుంటోంది, నాలుగు ఇంజెక్షన్లు తప్పించాను. అక్టోబరులో మళ్లీ జ్వరం, మళ్లీ మోకాలు. ఇంజెక్షన్ తేదీలు రాసే పేజీలో ఆ నాలుగు గడులూ ఖాళీగానే ఉన్నాయి. ఇంటికొచ్చిన తల్లులకి ముందు ఆ పేజీయే తీసి చూపిస్తాను.

ఇంత నొప్పి పెట్టే ఇంజెక్షన్ నిజంగా పనిచేస్తుందా అని తర్వాత ఒకసారి డాక్టరమ్మ గారిని అడిగాను. 2021లో వచ్చిన ఉగాండా పరిశోధన గురించి చెప్పారు. అక్కడ ఎకోలో మాత్రమే కనిపించే తొలిదశ వాల్వ్ జబ్బు ఉన్న 818 మంది పిల్లల్లో సగం మందికి నాలుగు వారాలకోసారి ఇది వేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే, వేయనివాళ్లలో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది, వేసినవాళ్లలో 0.8 శాతం మందికే. ఆ రోజు నుంచి ఒక్క తేదీ తప్పలేదు.

లంకల్లో ఉండేవాళ్లకి ఒక ప్రత్యేకమైన మాట. జూలై, ఆగస్టుల్లో ఇంజెక్షన్ తేదీ ముందే చూసుకోండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి ఒకటో హెచ్చరిక ఇచ్చారంటే, ఇంకా మూడు నాలుగు రోజుల గడువు ఉన్నా సరే, కాజ్‌వే మునగకముందే వెళ్లి వేయించేయండి. కాస్త ముందు వేయించినా పరవాలేదు, ఆలస్యమే కూడదు. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు వారం పైన మాకు పడవలే దిక్కు. అప్పటికే వేయించి ఉన్నాం కాబట్టి ఆ వారం నాకు నిద్ర పట్టింది. రిపోర్టులు పాలిథిన్ కవర్లో వేసి అటక మీద పెట్టండి, ప్రతి పేజీ ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి.

ఈ ఇంజెక్షన్ పొడి మందు. నీళ్లు కలిపితే చిక్కటి పాలలా అవుతుంది, సన్న సూదిలో అడ్డుపడుతుంది. మా నర్సమ్మ గారు సీసాని కాసేపు అరచేతుల్లో పెట్టుకుని చల్లదనం పోగొడతారు, స్పిరిట్ ఆరేదాకా ఆగుతారు, పొడిచే చోట బొటనవేలితో పది లెక్కపెట్టేదాకా నొక్కి, ఆ తర్వాత రెండు మూడు నిమిషాలపాటు మెల్లగా ఎక్కిస్తారు. ఇలా చేసినప్పుడు మా పాప ఏడవలేదు. మీ దగ్గర చేసేవాళ్లని అడగండి, చేస్తారు. పిల్లకి అన్నం పెట్టి, నీళ్లు తాగించి తీసుకెళ్లండి, పడుకోబెట్టి వేయించండి, అరగంట అక్కడే కూర్చోండి. ఇంతకుముందు పెన్సిలిన్ ఒంటికి సరిపడలేదంటే తప్పకుండా చెప్పాలి. వాల్వ్ బాగా పాడై ఆయాసంగా ఉన్న పిల్లలకి ఇంజెక్షనా, మాత్రలా అన్నది గుండె డాక్టర్ని అడిగాకే.

ఎన్నేళ్లు అంటే, గుండెకి ఏమీ కానివాళ్లకి కనీసం 5 ఏళ్లు, దెబ్బతిన్నవాళ్లకి చివరిసారి జబ్బు వచ్చినప్పటి నుంచి కనీసం 10 ఏళ్లు, చాలామందికి 25 ఏళ్లు నిండేదాకా, ఇంకా ఎక్కువ పాడైతే 40 దాకా కూడా. ఆపేది డాక్టరే, మనం కాదు. పళ్లు శుభ్రంగా ఉంచాలి, పన్ను పీకించేముందు వాల్వ్ జబ్బుందని చెప్పాలి. కారణం తెలియని జ్వరం వారం దాటితే వాల్వ్ మీద ఇన్ఫెక్షన్ చేరిందేమో చూడాలి. అందుకు యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కి, అంటే రక్తంలో సూక్ష్మజీవి ఉందేమో పెంచి చూసే పరీక్షకి, ఇవ్వాలి. మందుల షాపులో అడిగి నాలుగు మాత్రలు మింగించామంటే ఆ పరీక్షలో ఏదీ దొరక్కపోవచ్చు.

మా అమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిది. డిగ్రీ చదువుతోంది. ఎంఆర్ మోడరేట్ దగ్గరే ఆగింది, ఎల్‌ఏ 35, బరువు 48. ఈ మధ్య ఒక సంబంధం వచ్చింది. "వాళ్లకి గుండె సంగతి చెప్పకు వదినా" అని మా ఆడపడుచు రెండు రోజులు చెప్పి చూసింది. దాపరికం ఎందుకు వద్దంటే, కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం ఉన్నదానికి ఇంకో సగం దాకా పెరుగుతుంది. అంతవరకూ ఏ ఇబ్బందీ లేని ఇరుకు వాల్వ్ అప్పుడే ఒక్కసారిగా ఆయాసం తెస్తుంది, ప్రాణం మీదకొస్తుంది. పెళ్లికి ముందొకసారి, కడుపు కోసం అనుకున్నప్పుడొకసారి ఎకో తీయించాలి. వాల్వ్ ఇరుకుగా ఉంటే బెలూన్‌తో ముందే వెడల్పు చేయించొచ్చు. అత్తవారింట్లో దాచుకుంటూ 21 రోజులకోసారి ఇంజెక్షన్‌కి ఏ పిల్ల వెళ్లగలదు?

వాళ్లు చూపులకి వచ్చిన రోజు కాఫీలయ్యాక పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. పెళ్లికొడుకు తల్లి ఒక్కో పేజీ తిప్పి చూశారు. ఆ నాలుగు ఖాళీ గడుల దగ్గర ఆగి "ఇదేంటండీ?" అని అడిగారు. చెప్పాను. వాళ్ల కబురు ఇంకా రాలేదు. ఈ శుక్రవారం ఇంజెక్షన్ ఉంది.