వ్యాసాలు రాసిచ్చినా బ్యాక్‌లింకులు పనిచేయడం లేదా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వేరేవాళ్ల సైటుకు వ్యాసం రాసిస్తాం. అందులోనో, రచయిత పరిచయంలోనో మన సైటుకు ఒక లింకు (బ్యాక్‌లింకు) పెట్టించుకుంటాం. ఆర్టికల్ మార్కెటింగ్ అంటే ఇంతే. చేసి చేసి విసిగిపోయినవాళ్లు అనే మాట కూడా ఒకటే: “ఇన్ని రాశాను, ఏమీ రాలేదు.”

ఆ ‘ఏమీ రాకపోవడం’ వెనక వేరువేరు కారణాలుంటాయి. అసలు లింకే లేకపోవచ్చు. ఉన్నా గూగుల్ కంట పడకపోవచ్చు. పడినా లెక్కలోకి తీసుకోకపోవచ్చు. తీసుకున్నా, ఆ లింకు తీసుకెళ్లే మీ పేజీలోనే పస లేకపోవచ్చు. వెతకడం ఈ వరుసలోనే జరగాలి. చాలామంది నేరుగా ర్యాంకు చూసుకుని, నిట్టూర్చి, మరో పది వ్యాసాలకు కూర్చుంటారు.

ఉదాహరణకు మీరు సైకిల్ మరమ్మతుల మీద ఒక సైటు నడుపుతున్నారనుకుందాం. బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు మార్చాలో చెప్పే పేజీ ఒకటుంది. లింకులు కావలసింది దానికి.

సమస్య: వ్యాసం వచ్చింది, సెర్చ్ కన్సోల్‌లో లింకు కనిపించడం లేదు

సెర్చ్ కన్సోల్ అంటే మీ సైటు గూగుల్‌కు ఎలా కనిపిస్తోందో మీకు చూపించే గూగుల్ పరికరం. దాన్ని కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ వ్యాసం తెరిచి మీ లింకు మీద మీరే నొక్కి చూడండి. ఇంత చిన్న పని చాలామంది చేయరు. సంపాదకులు లింకు తీసేసి ఉండవచ్చు, సైటు పేరును ఉత్త అక్షరాలుగా వదిలేసి ఉండవచ్చు, చిరునామాలో ఒక అక్షరం తప్పు పడి ఉండవచ్చు.

లింకు తెరుచుకుంటే, బ్రౌజర్లో పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) తెరిచి మీ డొమైన్ పేరు కోసం వెతకండి. తెర మీద కనిపిస్తూ సోర్స్‌లో లేకపోతే దాన్ని జావాస్క్రిప్ట్ తెచ్చి పెడుతోందని అర్థం. గూగుల్ జావాస్క్రిప్ట్‌ను నడిపి చూస్తుంది కాబట్టి అదొక్కటే ప్రమాదం కాదు. కానీ మామూలు హెచ్‌టీఎంఎల్ లింకు కాకుండా నొక్కితే తెరుచుకునే బటన్‌లా పెట్టి ఉంటే గూగుల్ దాన్ని లింకుగా అనుసరిస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి.

సోర్స్ తెరిచి ఉన్నప్పుడే ‘నోఇండెక్స్’ అనే మాట ఉందేమో కూడా చూడండి. ఈ పేజీని మీ ఇండెక్స్‌లో, అంటే వెతుకులాట జాబితాలో, చేర్చుకోవద్దని గూగుల్‌కు చెప్పే ట్యాగు అది. బయటివాళ్ల వ్యాసాలన్నిటికీ చడీచప్పుడు లేకుండా ఈ ట్యాగు తగిలించే సైట్లున్నాయి. ట్యాగు లేకపోయినా పేజీ ఇండెక్స్ కాకపోవచ్చు. వ్యాసంలోంచి ఒక పొడుగాటి వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే ఆ సంగతి దాదాపుగా తెలిసిపోతుంది. ‘లింక్’ అని టైపు చేసి కోలన్ పెట్టి వెతకమని పాత గైడ్లు ఇప్పటికీ చెబుతుంటాయి. ఆ సదుపాయం 2017లోనే పోయింది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయంటే కొన్నాళ్లు ఆగండి. సెర్చ్ కన్సోల్‌లోని లింకుల నివేదిక ఆలస్యంగా వస్తుంది, పైగా అందులో ఉండేది నమూనా మాత్రమే. మీరు చూస్తున్నది సరైన ప్రాపర్టీయేనా (అక్కడ జోడించుకున్న సైటు చిరునామాను అలా అంటారు) అన్నది కూడా గమనించండి. హెచ్‌టీటీపీ చిరునామాతో జోడించుకున్న ప్రాపర్టీలో హెచ్‌టీటీపీఎస్ పేజీకి వచ్చిన లింకులు కనిపించవు. డొమైన్ మొత్తాన్ని ఒకే ప్రాపర్టీగా జోడించుకుంటే ఈ గొడవ ఉండదు.

లింకు నిజంగానే పోయి ఉంటే సంపాదకులకు రెండు వాక్యాల మెయిల్ రాయండి. ఏ పేరాలో, ఏ మాట మీద ఉండాలో చెప్పండి. దబాయింపు వద్దు. అది వాళ్ల సైటు.

సమస్య: లింకు ఉంది, పేజీ ఇండెక్స్ అయింది, ర్యాంకు మాత్రం కదలడం లేదు

అన్నిటికన్నా ఎక్కువ మందికి ఉండే సమస్య ఇది. కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి.

మొదటిది లింకు రకం. ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లే లింకును సిఫారసుగా లెక్కించవచ్చన్న ఆలోచనను లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా 1998లో పేజ్‌ర్యాంక్ పేరుతో బయటపెట్టారు. సిఫారసుకు విలువ వచ్చాక దొంగ సిఫారసులు రాకుండా ఉంటాయా? వ్యాఖ్యల్లో కుప్పలుగా పడే లింకులను అదుపు చేయడానికి 2005లో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ కలిసి ‘నోఫాలో’ గుర్తు (ఈ లింకును సిఫారసుగా లెక్కించవద్దని చెప్పేది) తెచ్చాయి. 2019లో గూగుల్ దానికి మరో రెండు చేర్చింది: డబ్బిచ్చి పెట్టించినవాటికి ‘స్పాన్సర్డ్’, బయటివాళ్లు రాసినవాటికి ‘యూజీసీ’. అప్పటి నుంచి ఈ గుర్తులు కచ్చితమైన ఆజ్ఞలు కావు, సూచనలు. గూగుల్ పట్టించుకోవచ్చు, పట్టించుకోకపోవచ్చు. మీ లింకుకు ఈ గుర్తు ఉంటే దాని వల్ల ర్యాంకు పెరుగుతుందని ఆశపడకండి. అయినా ఆ సైటుకు నిజమైన పాఠకులుంటే, నా లెక్కలో, ఎవరూ చదవని చోట పెట్టిన గుర్తులేని లింకు కన్నా అదే నయం.

రెండోది ఆతిథ్యమిచ్చిన సైటు. ఈజీన్‌ఆర్టికల్స్ లాంటి ఆర్టికల్ డైరెక్టరీలు ఒకప్పుడు ఈ పద్ధతికి పుట్టిల్లు. ఎవరైనా రాయవచ్చు, చివర లింకు పెట్టుకోవచ్చు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన ర్యాంకుల లెక్కలో తెచ్చిన పాండా అనే అప్‌డేట్ పలుచటి వ్యాసాల సైట్లను గట్టిగా దెబ్బకొట్టింది. ఆ డైరెక్టరీల ప్రాభవం అక్కడితో పోయింది. ఇప్పుడు డైరెక్టరీ అన్న పేరు లేకపోయినా, పని అదే చేసే సైట్లు బోలెడు. వాటిని గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. చివరగా వచ్చిన పది వ్యాసాలు తెరవండి. ఒకటి పళ్ల వైద్యం, ఒకటి జూదం, ఒకటి తివాచీలు, ప్రతి దానిలోనూ సరిగ్గా ఒకే ఒక్క వ్యాపార లింకు. ఇక మీ సైకిల్ వ్యాసం అక్కడ ఏం చేస్తుంది?

ఇక్కడే ఇంకొక భ్రమ ఉంది. డొమైన్ అథారిటీ అంకె పెద్దదిగా ఉంటే మంచి సైటనుకుంటారు. ఆ అంకె మోజ్ అనే సంస్థ వేసుకున్న అంచనా. డొమైన్ రేటింగ్ అహ్రెఫ్స్ అనే మరో సంస్థది. రెండూ గూగుల్ లెక్కలు కావు. మొదటి వడపోతకు పనికొస్తాయేమో గానీ, కొనుగోలు ధర నిర్ణయించే కొలబద్దలు కావు. నేనైతే ఒకటే అడుగుతాను: లింకు ఇవ్వకపోయినా ఈ సైటులో నా వ్యాసం రావాలని కోరుకుంటానా? లేదంటే వదిలేయడమే.

మూడోది మీ సొంత పేజీ. బ్రేకు ప్యాడ్ల మీద చక్కటి వ్యాసం రాసి, లింకు మాత్రం సైటు ముఖద్వారానికి పెట్టేవాళ్లే ఎక్కువ. వ్యాసం ఏ విషయం మీద ఉందో, లింకు కూడా ఆ విషయం చెప్పే పేజీకే వెళ్లాలి. ఆ పేజీ తెరిస్తే ప్యాడ్ల అమ్మకపు జాబితా తప్ప మరేమీ లేదనుకోండి, ఎన్ని లింకులు తెచ్చినా దాన్ని నిలబెట్టలేవు. ఇప్పుడు మొదటి పేజీలో ఉన్న ఫలితాలు చదవండి. అరిగిన ప్యాడ్ ఎలా ఉంటుందో ఫొటోలతో చూపించి ఉంటే, మీరు అంతకన్నా ఎక్కువ చూపించాలి. మీ సైటులోని మిగతా పేజీల నుంచి కూడా దానికి లింకులు వేయండి. ఎవరినీ అడగనక్కర్లేని లింకులవి, మనవాళ్లు వాటినే మర్చిపోతారు.

సమస్య: ఒకే వ్యాసం చాలా చోట్ల వేశాను, వెతికితే నాది తప్ప అన్నీ వస్తున్నాయి

ఇది శిక్ష కాదు. ఒకే పాఠం అనేక చిరునామాల్లో కనిపిస్తే గూగుల్ వాటిలో ఒకదాన్ని ప్రధాన ప్రతిగా ఎంచుకుని మిగతావాటిని పక్కన పెడుతుంది. అది ఎంచుకునేది మొదట రాసినవారి సైటే కావాలన్న నియమం లేదు. పెద్ద సైటుకే ఆ హోదా దక్కడం మామూలే.

ముందుగా మీ సైటులో వేసి, అది ఇండెక్స్ అయ్యాకే బయటికి ఇవ్వండి. పునర్ముద్రించేవాళ్లను కెనానికల్ ట్యాగుతో (ప్రధాన ప్రతి ఎక్కడుందో గూగుల్‌కు చెప్పే ట్యాగు) మీ చిరునామాను చూపమనవచ్చు. 2009 నుంచీ ఉన్న ట్యాగే గానీ, అదీ సూచనే. అందుకే పునర్ముద్రణల విషయంలో గూగుల్ ఇప్పుడు సిఫారసు చేస్తున్నది కెనానికల్ కాదు, భాగస్వామి పేజీకి నోఇండెక్స్. అలా చేస్తే మీ ప్రతి నిలబడుతుంది. కానీ ఇండెక్స్‌లో లేని పేజీలోని లింకుకు సెర్చ్‌లో విలువ ఉంటుందని చెప్పలేం. రెండూ ఒకేసారి దొరకవు. పునర్ముద్రణను పాఠకుల కోసం ఇవ్వండి, బ్యాక్‌లింకు కోసమైతే ఆ సైటుకు మాత్రమే కొత్తగా ఒకటి రాయండి. సాఫ్ట్‌వేర్‌తో మాటలు అటూ ఇటూ మార్చి పది వ్యాసాలు చేయడం ‘కొత్తగా రాయడం’ కిందికి రాదు.

సమస్య: ఉన్నట్టుండి ర్యాంకులు పడిపోయాయి

సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ మనుషులు చూసి మీ సైటు మీద తీసుకున్న చర్యలు) అనే పేజీ తెరవండి. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

అక్కడ ఏమీ లేకపోతే ఎవరూ మీ మీద చర్య తీసుకోలేదు. పతనం మొదలైన తేదీని గూగుల్ ప్రకటించిన అప్‌డేట్ల తేదీలతో పోల్చండి. ఆ రోజుల్లో మీరే సైటులో ఏదైనా మార్చారేమో చూడండి. లింకుల స్పామ్ మీద 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ అప్‌డేట్ మొదట్లో సైట్ల ర్యాంకు పడగొట్టేది. 2016లో వచ్చిన నాలుగో రూపం నుంచి చెడ్డ లింకులను ఎక్కువగా లెక్కలోంచి తీసేయడమే చేస్తోంది. అంటే మీరు కింద పడలేదు, కింద పెట్టుకున్న ఎత్తుపీట తీసేశారు. అప్పుడు చెడ్డ లింకులు ఏరుకుంటూ కూర్చున్నా ఆ ఎత్తు తిరిగి రాదు. మంచివి సంపాదించుకోవలసిందే.

అసహజ లింకుల నోటీసు ఉంటే సంగతి వేరు. దాదాపు ఎప్పుడూ మూలం యాంకర్ టెక్స్టులోనే, అంటే లింకు పెట్టిన మాటల్లోనే, ఉంటుంది. వచ్చిన ప్రతి వ్యాసంలోనూ ‘చవకైన సైకిల్ బ్రేకు ప్యాడ్లు’ అనే మాట మీదే లింకు ఉందంటే, అది ఎవరు పెట్టించారో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కీవర్డులు దట్టించిన యాంకర్లతో పెద్ద ఎత్తున చేసే వ్యాసాల ప్రచారాన్ని గూగుల్ 2013లోనే లింకు స్కీముల జాబితాలో చేర్చింది, 2017లో మళ్లీ హెచ్చరించింది. సహజంగా వచ్చే లింకులు సైటు పేరు మీదో, పేజీ శీర్షిక మీదో, వాక్యంలో ఇమిడిపోయే ఏదో ఒక పదబంధం మీదో ఉంటాయి.

నోటీసు వచ్చాక ఆ సైట్లవాళ్లకు రాసి లింకులు తీయించండి, లేదా నోఫాలో పెట్టించండి. ఎవరికి ఎప్పుడు రాశారో రాసి పెట్టుకోండి. తీయించలేనివాటిని డిజావో ఫైల్లో పెట్టి, చేసిందంతా దాచకుండా చెబుతూ పునఃపరిశీలన కోరండి. డిజావో అనేది ‘ఈ లింకులను నా లెక్కలో వేయకండి’ అని గూగుల్‌కు చెప్పడానికి 2012 నుంచి ఉన్న పరికరం. నోటీసు లేకుండానే, ఏదో టూల్ ‘విషపు లింకులు’ అని ఎర్రగా చూపించిందని దాన్ని వాడకండి. పనికొచ్చే లింకులను కూడా మీ చేతులతో మీరే తోసేసుకుంటారు.

డబ్బు తీసుకుని వ్యాసం వేస్తామని వచ్చే మెయిళ్ల గురించి ఒక్క మాట. ప్రకటనగా కొనుక్కోవడంలో తప్పు లేదు, లింకుకు స్పాన్సర్డ్ గుర్తు ఉండాలి. గుర్తు లేకుండా ఇస్తామన్నదే వాళ్ల ఆకర్షణ అయితే, మీరు కొంటున్నది నియమోల్లంఘన. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ విధానాల్లో కుప్పలుగా తయారుచేసే కంటెంట్‌ను, పేరున్న సైటు పరపతిని బయటివాళ్లకు వాడుకోనివ్వడాన్ని కూడా చేర్చింది. మీరు రాయించేది మనిషితోనా యంత్రంతోనా అన్నది అక్కడ ప్రశ్న కాదు. చదివేవాడికి ఉపయోగం లేకుండా ర్యాంకు కోసమే గుట్టలు పోస్తున్నారా అన్నదే ప్రశ్న.

సమస్య: సంపాదకులు జవాబే ఇవ్వడం లేదు

మీ మెయిల్ అందరికీ ఒకేలా వెళ్తోంది, అందుకే. ‘మీ సైటు చాలా బాగుంది’ అన్న మొదటి వాక్యం దగ్గరే వాళ్లు ఆగిపోతారు. వాళ్ల పాత వ్యాసాల్లో లేని ఒక కోణం వెతికి, శీర్షిక, నాలుగు వాక్యాల్లో సారాంశం, మీరే ఎందుకు రాయగలరో ఒక్క వాక్యం పంపండి. లింకు ప్రస్తావన మొదటి మెయిల్లో వద్దు.

సమస్య: లింకు బాగానే ఉంది, మనుషులే రావడం లేదు

రావడం లేదా, వస్తున్నట్టు కనిపించడం లేదా? ముందు అది తేల్చుకోండి. లింకుకు ‘నోరెఫరర్’ గుర్తు ఉంటే వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో అనలిటిక్స్‌కు (సందర్శకులను లెక్కించే పరికరానికి) తెలియదు, నేరుగా వచ్చినవాళ్లుగా, అంటే డైరెక్ట్ ట్రాఫిక్ కింద, పడిపోతారు. వ్యాసం వచ్చిన రోజుల్లో ఆ పేజీకి డైరెక్ట్ సందర్శనలు పెరిగాయేమో చూడండి. లింకుకు యూటీఎం తోక (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పేలా చిరునామా చివర చేర్చే మాటలు) తగిలించవచ్చు, కొందరు సంపాదకులు ఒప్పుకోరు.

నిజంగానే రావడం లేదంటే లింకు చివరన రచయిత పరిచయంలో ఉందేమో చూడండి. అక్కడిదాకా చదివేవాళ్లే తక్కువ. వ్యాసం మధ్యలో, పాఠకుడికి ఇంకా వివరం కావాలనిపించే చోట ఉండాలి. వ్యాసంలో ప్యాడ్ అరుగుదల గుర్తుల గురించి రాస్తే, ఒక్కో రకం ప్యాడ్‌కు కొలతల పట్టిక మీ పేజీలో ఉందని చెప్పండి. అలాంటి పట్టికకు లింకు ఇవ్వడం సంపాదకులకూ ఇబ్బంది కాదు.

సమస్య: పాత లింకులు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి

కొన్ని సైట్లు మూతపడతాయి, కొన్ని వ్యాసాలు తొలగిస్తారు. అది మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నది వేరే: సైటును కొత్తగా దిద్దినప్పుడు పేజీల చిరునామాలు మారిపోయి, బయటి లింకులన్నీ 404కి (‘పేజీ లేదు’ అన్న సందేశానికి) చేరుతుంటాయి. సెర్చ్ కన్సోల్‌లో ఎక్కువ లింకులు వచ్చిన పేజీల జాబితా తీసి, ఒక్కో చిరునామా తెరిచి చూడండి. విరిగిన ప్రతిదాన్నీ అదే విషయం ఉన్న కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ చేయండి, అంటే శాశ్వతంగా మళ్లించండి. అన్నిటినీ కలిపి ముఖద్వారానికి మళ్లించకండి. సంబంధం లేని రీడైరెక్టులను గూగుల్ లేని పేజీల కిందే జమకట్టవచ్చు. కొత్త వ్యాసం ఒక్కటి కూడా రాయకుండా తిరిగి వచ్చే లింకులివి, కాబట్టి వీలైతే ఈ పని ముందు చేసి, తర్వాత పైనున్న సమస్యల దగ్గరికి వెళ్లండి.